ఫ్రైడ్ రైస్ ముద్దవుతోందంటే తప్పు సాస్‌ది కాదు, తడిది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. సాయంత్రం ఏడింటికి ఆఫీసు నుంచి ఇంటికొస్తారు. ఎనిమిదిన్నరకల్లా మీ దంపతులకీ, ఇద్దరు పిల్లలకీ, అత్తగారికీ భోజనం సిద్ధం కావాలి. వారానికోసారి ఫ్రైడ్ రైస్ చేస్తే అందరూ ఇష్టంగా తింటారని మొదలుపెట్టారు. చేసిన ప్రతిసారీ అన్నం ముద్దైపోతోంది, రంగు నల్లగా వస్తోంది, పిల్లలేమో "బండి దగ్గర రైస్‌లా లేదమ్మా" అంటున్నారు. ఏ కంపెనీ సాస్ కొనాలి, అజినమోటో వేయాలా వద్దా, ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం వాడదామంటే అత్తగారు వద్దంటున్నారు, ఆవిడ గుడ్డు కూడా తినరు, ఏం చేయను అని అడిగారు.

నేను విజయవాడలో చాలాకాలం ఫాస్ట్‌ఫుడ్ బండి మీద వంట చేశాను. ఇప్పుడు ఇంట్లో మనవలకి చేసి పెడుతున్నాను. రెండు పొయ్యిల మీదా చేసినవాణ్ణి కాబట్టి ఒక మాట ముందే చెప్పేస్తాను అమ్మా. సాస్ సీసా మారిస్తే మీ సమస్య తీరదు. గొడవంతా నీళ్లతోనే. మెతుకుని అంటుకున్న తడి, కూరగాయల్లోంచి ఊరే నీరు, సాసుల్లో ఉండే నీరు, ఈ మూడూ మూకుట్లో చేరాయంటే అన్నం వేగదు, ఇంకోసారి ఉడుకుతుంది. ఒకసారి ఉడికిన అన్నం మళ్లీ ఉడికితే ముద్ద కాక ఏమవుతుంది? బండి మీద మంట జోరు ఎక్కువ కాబట్టి ఆ తడి క్షణాల్లో ఆవిరైపోతుంది. ఇంట్లో అంత మంట ఉండదు. అందుకని తడిని మూకుడి దాకా రానివ్వకుండా ముందే ఆపేయాలి. కింద చెప్పేదంతా దాని గురించే.

బియ్యం దగ్గర నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే సగం పని అక్కడే అయిపోతుంది. బాస్మతి కొనక్కర్లేదు. మన ఇళ్లలో రోజూ వండుకునే సన్నబియ్యం, సోనా మసూరో బీపీటీనో, చక్కగా సరిపోతాయి. బీపీటీ 5204 అంటే 1986లో మన బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచి బయటికొచ్చిన సాంబ మసూరి. సరిగ్గా వండితే పొడిపొడిగా వచ్చే గింజే అది. చూసుకోవాల్సినవి రెండు. ఒకటి, కొత్త బియ్యం వద్దు. కోత కోసి కొద్ది నెలలే అయిన బియ్యం వండితే జిగురొస్తుంది, ఎంత జాగ్రత్తగా వండినా మెతుకులు అతుక్కుంటాయి. పాత బియ్యం అని అడిగి తీసుకోండి. రెండు, బస్తా మీద ‘స్టీమ్’ అని ఉందా ‘రా’ అని ఉందా చూడండి. స్టీమ్ అంటే ధాన్యాన్ని ఆవిరి పట్టించాక మర ఆడించినవి. వాటికి జిగురు తక్కువ, మెతుకు విరగదు. రోజువారీ పప్పన్నానికి నాకు రా బియ్యమే ఇష్టం, మెత్తగా కలుస్తుంది. ఫ్రైడ్ రైస్‌కి మాత్రం స్టీమ్ బియ్యం బాగా కలిసొస్తుంది. ఇంట్లో ఉన్నవి రా బియ్యమే అయితే వాటితోనే చేయండి, దీనికోసం ఇంకో బస్తా కొనకండి.

మీ అయిదుగురికీ రెండు గ్లాసుల బియ్యం చాలు. అంటే సుమారు 350 గ్రాములు. ఇందులో గుడ్లు, కూరగాయలు కూడా పడతాయి కదా. బియ్యాన్ని నీళ్లు దాదాపు తేటగా వచ్చేదాకా కడగండి. మూడు నాలుగు సార్లు పడుతుంది. గింజ పైన అంటుకుని ఉన్న పిండే తర్వాత జిగురవుతుంది.

వండే పద్ధతి దగ్గరే చాలామంది దెబ్బ తింటున్నారు. కుక్కర్లో ఒకటికి రెండు నీళ్లు పోసి, మూడు విజిల్స్ పెట్టి, ఆవిరంతా దానంతట అది పోయేదాకా మూత తీయకుండా ఉంచుతారు. సాంబారన్నానికి అది బాగుంటుంది. ఫ్రైడ్ రైస్‌కి మాత్రం పాత పద్ధతిలో గంజి వార్చడమే నయం. పెద్ద గిన్నెలో నీళ్లు బాగా ఎక్కువ పోయండి, రెండు గ్లాసుల బియ్యానికి పది గ్లాసులైనా ఉండాలి. ఎసరు తెర్లుతుండగా ఉప్పు వేయండి. సముద్రపు నీళ్లలా అక్కర్లేదు గానీ నాలుకకి తెలియాలి. పావుగంట నానిన బియ్యం వేసి, మళ్లీ పొంగు వచ్చాక ఏడెనిమిది నిమిషాలకి ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నొక్కి చూడండి. చుట్టూ మెత్తబడి నడుమ సన్నటి పలుకు తగలాలి. వెంటనే చిల్లుల గిన్నెలో వార్చేయండి. ఇంకొక్క నిమిషం చూద్దాం అనుకున్నారంటే ఆ పలుకు పోతుంది. మూకుట్లో ఆ అన్నం ఇంకోసారి వేడెక్కుతుంది కాబట్టి మిగతా మెత్తదనం అక్కడొస్తుంది. వార్చిన గంజి పారబోయకండి. చిటికెడు ఉప్పు, కాస్త మజ్జిగ కలిపితే అత్తగారు సంతోషంగా తాగుతారేమో అడిగి చూడండి.

కుక్కర్ తప్ప వీలుకాదు అంటే ఒకటికి ఒకటిన్నర నీళ్లు పోసి, నానబెట్టకుండా, ఒక విజిల్ వచ్చాక సిమ్‌లో మూడు నాలుగు నిమిషాలు ఉంచి దించండి. ఆవిరి దిగీ దిగగానే మూత తీసేయాలి. మూత పెట్టి మర్చిపోతే లోపలి ఆవిరికే అన్నం ఇంకా మగ్గిపోతుంది. కరెంటు రైస్ కుక్కర్‌కీ ఇదే కొలత. వార్మ్ మీద మాత్రం వదిలేయకండి.

ఇక ఆరబెట్టడం. ఇది మీకు వచ్చిన పనే. పులిహోరకి ఏం చేస్తాం? అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి, నూనె చుక్క వేసి, మెతుకు విరగకుండా అట్లకాడతో విడదీసి చల్లారనిస్తాం. అచ్చం అలాగే చేయండి, పసుపు తప్ప. రెండు పెద్ద పళ్లేల్లో పలచగా పరిచి, ఒక చెంచా నూనె చిలకరించి, ఫ్యాన్ కింద పావుగంట పెట్టండి. ఆవిరి ఎగిరిపోతున్నంత సేపూ మెతుకు పైన తడి పోతూ ఉంటుంది. ముట్టుకుంటే చేతికి తడి అంటకూడదు, అదే గుర్తు. కొందరు వార్చిన అన్నం మీద చల్లటి నీళ్లు పోసి కడుగుతారు. అదే రోజు వేయించేట్టయితే నేను ఒప్పుకోను. తీసేయడానికి ఇంత తంటాలు పడుతున్న తడిని మళ్లీ మనమే పోసినట్టవుతుంది.

ఫ్రిజ్‌లో అన్నం గురించి మీ అత్తగారి భయం సగం నిజం. ఆ సగం ఏదో తెలుసుకుంటే ఇద్దరికీ గొడవ ఉండదు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలుంటాయి. అవి ఉడికించినా చావవు. అన్నం వండాక మామూలు వేడిలో గంటలకొద్దీ బయట ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం తర్వాత ఎంత వేయించినా పోదు. అంటే ప్రమాదం ఫ్రిజ్‌లో పెట్టిన అన్నంతో కాదు. మధ్యాహ్నం వండి, సాయంత్రం దాకా వంటింటి గట్టు మీద మూతపెట్టి ఉంచిన అన్నంతో. చాలా ఇళ్లలో జరిగేది సరిగ్గా అదే. మా రోజుల్లో చద్దన్నం తినలేదా అంటారు పెద్దవాళ్లు. అది నీళ్లలో పులిసే అన్నం, ఇది పొడి అన్నం. రెండింటినీ ఒక గాట కట్టకూడదు. కాబట్టి పద్ధతి ఇలా ఉండాలి. వండిన వెంటనే పళ్లెంలో పరిచి ఆరబెట్టాలి. గంటలోపు మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి చేర్చాలి. ఫ్రిజ్ 5 డిగ్రీలకి లోపు ఉండాలి. మర్నాటికల్లా వాడేయాలి. ఒకసారి వేయించాక మిగిలితే దాన్ని ఇంకోసారి వేడి చేయొద్దు.

ఇలా పెట్టిన అన్నం ఫ్రైడ్ రైస్‌కి ఎందుకు అంత బాగుంటుందంటే, చల్లారాక గింజలోని పిండి మళ్లీ గట్టిగా బిగుసుకుంటుంది, పైన తడి ఇంకాస్త ఆరుతుంది. మూకుట్లో ఎంత కలబెట్టినా మెతుకు నలగదు. మీకు ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. ఉదయం బాక్సుల కోసం అన్నం ఎలాగూ వండుతారు కదా, ఆ రోజు వేరే గిన్నెలో ఇంకో రెండు గ్లాసులు వార్చి, మీరు తయారయ్యేలోపు ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి. సాయంత్రం ఏడింటికి బియ్యం కడిగే పనే ఉండదు. వాడేముందు డబ్బాలోంచి తీసి చేత్తో ఉండలు విడదీయండి. వేడి మూకుట్లో గరిటెతో పొడిచి విడదీద్దాం అనుకుంటే మెతుకులు ముక్కలైపోతాయి. అత్తగారు ఇంతా విన్నాక కూడా ఒప్పుకోకపోతే వాదించకండి, అదే సాయంత్రం వార్చి ఆరబెట్టిన అన్నంతో చేయండి. ఫ్రిజ్‌లో పెట్టినదానికి పదిలో తొమ్మిది వంతులు వస్తుంది.

ఇప్పుడు మంట. బండి మీద వాడేది హై ప్రెజర్ పొయ్యి. హోటళ్ల 19 కిలోల సిలిండర్‌కీ, మన ఇంటి 14.2 కిలోల సిలిండర్‌కీ లోపలి గ్యాస్‌లో పెద్ద తేడా లేదు. తేడా రెగ్యులేటర్‌లో, పొయ్యిలో. ఇంట్లో రెగ్యులేటర్ ఒత్తిడి బాగా తగ్గించి పంపుతుంది. అది మన మంచికే. హై ప్రెజర్ రెగ్యులేటర్ ఇంట్లో తగిలిద్దామనే ఆలోచన మాత్రం రానివ్వకండి, వంటగదికి అది తగదు. ఉన్న మంటతోనే పని జరగాలంటే ఒకటే దారి, మూకుట్లో సరుకు తగ్గించాలి. మీ రెండు గ్లాసుల అన్నం ఒకేసారి వేస్తే మూకుడు అక్కడికక్కడే చల్లబడిపోతుంది. చల్లబడిన మూకుట్లో తడి ఆవిరవదు, అన్నం ఉడకడం మొదలవుతుంది. అందుకని ఒక వాయికి ఇద్దరికి సరిపడా అన్నమే వేయండి. అయిదుగురికి మూడు వాయిలు. టైమ్ ఎక్కువ పడుతుందేమో అని టెన్షన్ పడకండి, ఒక్కో వాయి నాలుగు నిమిషాలే. బండి మీద మేం చేసేదీ అదే. నలుగురు వచ్చి నాలుగు ప్లేట్లు అడిగినా రెండేసి ప్లేట్లుగానే వేస్తాం.

మూకుడు ఇనుపదైతే మేలు, లోతు తక్కువగా, వెడల్పుగా ఉన్నది. దాన్ని ఖాళీగా పెద్ద బర్నర్ మీద పెట్టి, సన్నగా పొగ వచ్చేదాకా కాల్చి, అప్పుడు నూనె పోయాలి. నాన్‌స్టిక్ పాన్‌ని మాత్రం ఇలా ఖాళీగా కాల్చకూడదు. దాని పూత 260 డిగ్రీలు దాటితే చెడిపోయి పొగలు వదులుతుంది. మీ ఇంట్లో ఉన్నది నాన్‌స్టిక్ మాత్రమే అయితే ముందే నూనె వేసి మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ మంట మీద చేయండి, వాయిని ఇంకా చిన్నది చేయండి. నూనె వేరుశనగదైనా పొద్దుతిరుగుడుదైనా ఒకటే. నెయ్యి వద్దు, దాని వాసన ఇందులో కలవదు.

కూరగాయలు ఎక్కువ వేస్తే ఆరోగ్యం అనుకుని అన్నంతో సమానంగా వేస్తారు చాలామంది. అప్పుడది ఫ్రైడ్ రైస్ కాదు, కూరగాయల అన్నం. రెండు గ్లాసుల బియ్యానికి ఒక మామూలు క్యారెట్, గుప్పెడు బీన్స్, గుప్పెడు క్యాబేజీ తరుగు, అర క్యాప్సికమ్, ఓ కట్ట ఉల్లికాడలు చాలు. మిగతా కూరగాయలు పక్కన సలాడ్‌గా పెట్టండి. క్యారెట్‌నీ బీన్స్‌నీ పెసరగింజంత సన్నగా తరగాలి, పచ్చిగా వేసినా నిమిషంన్నరలో వేగిపోయేంత. ముందే ఉడకబెట్టి వేయడం వద్దు, అది నీళ్లని దగ్గరుండి పిలవడమే. కడిగాక తరగండి, తరిగాక కడగొద్దు. కడిగినవాటిని గుడ్డ మీద ఆరనివ్వండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గడ్డకట్టిన బఠాణీ అయితే కరిగించి నీళ్లు వార్చేశాకే వేయాలి. టమాటా అసలు వద్దు. పుట్టగొడుగులు వేయాలనుకుంటే విడిగా వేయించి, వాటి నీళ్లు ఇగిరిపోయాక కలపండి. ఉప్పు కూరగాయల మీద వేయకండి. ఉప్పు తగిలితే కూరగాయ నీరు వదులుతుంది. అన్నం పడ్డాకే ఉప్పు.

అల్లం వెల్లుల్లి పేస్ట్ కూడా పక్కన పెట్టండి. అందులో నీరు ఉంటుంది, అంత వేడికి అడుగంటి చేదెక్కుతుంది. ఆరేడు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి పెట్టుకోండి. కొంచెం అల్లం తరుగు, రెండు పచ్చిమిర్చి. పిల్లలకి కారం పడదంటే పచ్చిమిర్చి పెద్దవాళ్ల వాయిలోనే వేయొచ్చు. మూడు వాయిల పద్ధతిలో ఈ సుఖం కూడా ఉంది, ఎవరిది వాళ్లకే చేసిపెట్టొచ్చు.

పొయ్యి వెలిగించేముందు అన్నీ గిన్నెల్లో పెట్టి చేతికందే దూరంలో ఉంచుకోండి. మూకుడు కాలుతుండగా సాస్ మూత కోసం అలమార వెతికితే వెల్లుల్లి మాడిపోతుంది. సాస్‌లన్నీ ఒక చిన్న గిన్నెలో ముందే కలిపేయండి. మొత్తం మూడు వాయిలకీ కలిపి సోయా సాస్ నాలుగు చిన్న చెంచాలు, వెనిగర్ రెండు చిన్న చెంచాలు, అంతే. కావాలంటే పెద్దవాళ్లకి ఒక చెంచా చిల్లీ సాస్. టమాటా సాస్ మూకుట్లోకి రాకూడదు. పిల్లలకి కావాలంటే పళ్లెం అంచున వేసుకుంటారు.

ముందు అత్తగారి వాయి చేయండి, మూకుడు శుభ్రంగా ఉండగానే. గుడ్డు తగిలిన మూకుట్లో చేసి పెట్టి, కడిగాను కదా అంటే ఆవిడ మనసుకి పట్టదు. కాగిన మూకుట్లో రెండు చెంచాల నూనె వేసి, అది కాగగానే వెల్లుల్లి, అల్లం వేయండి. ఆవిడ వెల్లుల్లి కూడా తినకపోతే అల్లం, పచ్చిమిర్చితో కానివ్వండి, పర్వాలేదు. పది సెకన్లలో వాసన వస్తుంది. రంగు మారేదాకా ఆగొద్దు. బీన్స్, క్యారెట్ వేసి పెద్ద మంట మీదే నిమిషం తిప్పండి. తర్వాత క్యాప్సికమ్, క్యాబేజీ, ఇంకో అర నిమిషం. కూరగాయ రంగు తేలి, కొరికితే కరకరమనాలి. ఇప్పుడు అన్నం వేసి మూకుడంతా పరిచి, ఇరవై సెకన్లు ఊరికే వదిలేయండి. ఇది చాలామందికి చేతకాదు, గరిటె ఆడిస్తూనే ఉంటారు. అన్నం అడుగున మూకుడిని అంటుకుని కాస్త కాలితేనే ఆ వాసన వస్తుంది. తర్వాత అడుగు నుంచి ఎత్తి తిరగేయండి, మళ్లీ పరచండి, మళ్లీ కాసేపు వదలండి. ఇలా మూడు సార్లు. మెతుకులు మూకుట్లో ఎగిరెగిరి పడుతున్నట్టు కనిపిస్తే తడి పోయినట్టు.

అప్పుడు ఉప్పు, మిరియాల పొడి. అన్నం వార్చేటప్పుడు ఉప్పు వేశారు, సోయాలో ఉప్పు ఉంది, కాబట్టి చెయ్యి బిగపట్టి వేయండి. సాస్‌ని అన్నం మీద పోయకండి. అన్నాన్ని కాస్త పక్కకి జరిపి, కాలుతున్న మూకుడి అంచు మీద చుట్టూ పోయండి. చుయ్‌మని పొంగి, నీరు అక్కడే ఎగిరిపోయి, రుచి మాత్రం అన్నానికి పడుతుంది. అన్నం మీదే పోస్తే నీళ్లు పోసినట్టే. మచ్చలు మచ్చలుగా నల్లబడేదీ అందుకే. వెంటనే రెండు తిప్పులు తిప్పి, ఉల్లికాడల పచ్చ భాగం చల్లి దించేయండి. పచ్చ భాగం మంట మీద వాడితే రంగూ పోతుంది, రుచీ పోతుంది. తెల్ల భాగం మాత్రం వెల్లుల్లితోపాటే వేసేయొచ్చు.

తర్వాత రెండు వాయిలు మీకూ పిల్లలకీ. నాలుగు గుడ్లు చిటికెడు ఉప్పుతో గిలకొట్టి పెట్టుకోండి. నూనె బాగా కాగాక సగం గుడ్డు పోస్తే ఒక్కసారిగా పొంగుతుంది. రెండు మూడు సార్లు గరిటెతో పెద్ద ముక్కలుగా విడదీసి, ఇంకా కాస్త తడిగా ఉండగానే పళ్లెంలోకి తీసేయండి. చివర్లో అన్నంతో కలిపినప్పుడు మిగతాది పూర్తిగా ఉడకాలి. అన్నం మీద పచ్చి గుడ్డు కొట్టి కలిపే పద్ధతి కూడా ఉంది, ప్రతి మెతుక్కీ పసుపు రంగు పూత వస్తుంది. ఇంటి మంట మీద అది నూటికి తొంభై సార్లు జిగురవుతుంది. మంట జోరున్న పొయ్యి వాళ్లకి వదిలేద్దాం.

రంగు నల్లగా వస్తోందన్నారు. రెండు కారణాలుండొచ్చు. మీరు కొన్నది డార్క్ సోయా సాస్ అయ్యుంటుంది, లేదా రుచి రావట్లేదని ఇంకా ఇంకా పోస్తున్నారు. పిల్లల్ని ఈసారి బండి దగ్గర జాగ్రత్తగా చూడమనండి, అక్కడి వెజ్ రైస్ లేత రంగులోనే ఉంటుంది. బండి రుచి సోయాలో లేదు. అధిక మంట వాసన, వెల్లుల్లి, తెల్ల మిరియాల పొడి, అజినమోటో, ఇంకా మీరు చూస్తే భయపడేంత నూనె, వీటన్నిటిలో ఉంది. తెల్ల మిరియాల పొడి ఒక చిన్న డబ్బా కొనండి. సాస్ మీద పెట్టే డబ్బు దాని మీద పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. సోయా విషయంలో ఇంకొకటి. ఒక పెద్ద చెంచా సాస్‌లో రెండు గ్రాములకి పైనే ఉప్పు ఉంటుంది. పెద్దవాళ్లకి రోజంతటికీ 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అత్తగారికి బీపీ ఉంటే ఈ లెక్క గుర్తుంచుకోండి. ఇక కొన్నిచోట్ల కనిపించే ఎర్రటి, నారింజ రంగు రైస్ సంగతి వేరు. అది పొడి రంగు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధం పెట్టింది. ఇంట్లో ఆ డబ్బా ఉంటే ఇవాళే పారేయండి.

అజినమోటో మీద ఉన్నన్ని పుకార్లు ఇంకే దినుసు మీదా లేవు. జపాన్‌లో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త 1908లో కొంబు అనే సముద్రపు నాచు పులుసు రుచికి మూలం ఏమిటో వెతికి తీసినదే ఇది. గ్లుటమేట్ అనే ఆ పదార్థం టమాటాల్లో, పుట్టగొడుగుల్లో సహజంగానే ఉంటుంది. అమెరికా ఆహార నియంత్రణ సంస్థ దీన్ని సురక్షితమైన దినుసుల్లోనే లెక్కవేస్తుంది. మన దగ్గర ప్యాకెట్ మీద ఏడాది లోపు పిల్లలకి వద్దని రాసి ఉంటుంది. మీ పిల్లలు అంతకంటే పెద్దవాళ్లే కదా. వేస్తే మొత్తానికి పావు చెంచా చాలు, ఆ మేరకి ఉప్పు తగ్గించండి. కొందరికి ఇది తిన్నాక తలనొప్పిగా ఉందనిపిస్తుంది. అలాంటివాళ్లు మానేయొచ్చు. నేను ఇంట్లో వేయను, భయం వల్ల కాదు. తక్కువ సరుకు, మంచి వెల్లుల్లి, సరిగ్గా కాగిన మూకుడు ఉంటే దాని లోటు తెలియదు. బండి మీద వందల ప్లేట్లకి ఒకే రుచి రావాలి కాబట్టి అక్కడ వేసేవాణ్ణి.

చికెన్ అడుగుతారు పిల్లలు ఎలాగూ. ఎముక లేని తొడ మాంసం 200 గ్రాములు చిటికెన వేలి గోరంత ముక్కలు చేయించండి. ఛాతీ మాంసం ఎండిపోతుంది. ముక్కలకి ఉప్పు, మిరియాల పొడి, చెంచా సోయా, చెంచా మొక్కజొన్న పిండి పట్టించి, మీరు కూరగాయలు తరిగేలోపు నాననివ్వండి. విడిగా వేయించి, లోపల ఎర్రదనం పోయాక తీసి, గుడ్డులాగే చివర్లో కలపండి. నిన్నటి చికెన్ వేపుడు ఉంటే అది ఇంకా నయం, కాకపోతే మసాలా ఎక్కువ కాబట్టి సోయా తగ్గించాలి. గరం మసాలా, చికెన్ మసాలా వేసే బండ్లు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. చికెన్ రైస్‌లో చిటికెడు వేస్తే నేనేమీ అనను, వెజ్‌లో వేస్తే మాత్రం అది పలావుకీ దీనికీ మధ్య ఎక్కడో ఇరుక్కుంటుంది.

టైమ్ సంగతి. ఉదయం అన్నం ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లారనుకోండి. ఏడున్నరకి తరగడం మొదలుపెడితే ఏడు ముప్పావుకి అయిపోతుంది, బీన్స్ తుంచే పని మీవారికో పెద్ద పిల్లకో అప్పజెప్పితే ఇంకా ముందే. గుడ్లు, సాస్ గిన్నె, అన్నం విడదీయడం మరో అయిదు నిమిషాలు. మూడు వాయిలకి పావుగంట. ఎనిమిదీ పదికి అందరి పళ్లేల్లో ఉంటుంది. అన్నం సాయంత్రమే వండాలంటే ఇంట్లో అడుగుపెట్టగానే బియ్యం నానేసి, కాళ్లు కడుక్కుని వచ్చి ఎసరు పెట్టండి. అన్నం ఫ్యాన్ కింద ఆరుతున్నప్పుడు తరగండి. ఎనిమిదిన్నర అవుతుంది, అంతే తేడా.

ఎప్పుడైనా అన్నం పొరపాటున మెత్తబడిపోతే దాన్ని ఫ్రైడ్ రైస్ చేయాలని పట్టుబట్టకండి, ఏ సాసూ దాన్ని కాపాడదు. ఆ పూట ఆవాలు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి నిమ్మకాయ పిండేయండి. మెత్తటి అన్నం నిమ్మకాయ పులిహోరకి కాస్త సర్దుకుంటుంది.

రాత్రి మిగిలిన ఫ్రైడ్ రైస్ పొద్దున్న పిల్లల బాక్సులో పెట్టొచ్చా అనే ప్రశ్న తర్వాత వస్తుంది కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. వద్దు. ఒకసారి ఫ్రిజ్ లోంచి తీసి వేడి చేసిన అన్నం అది, బాక్సులో మళ్లీ మధ్యాహ్నం దాకా గోరువెచ్చగా ఉంటుంది. దానికి బదులు రాత్రి మూడో వాయి వేసేముందే రెండు గుప్పిళ్ల చల్లటి అన్నం, కాస్త తరిగిన కూరగాయలు విడిగా డబ్బాల్లో ఫ్రిజ్‌లో దాచండి. పొద్దున్నే నాలుగు నిమిషాల్లో వేయించి, బాక్సు మూత పెట్టేముందు రెండు నిమిషాలు ఆవిరి పోనివ్వండి, లేకపోతే మూతకి పట్టిన చెమటంతా అన్నం మీదే కారుతుంది.